పన్ను మాది, ఊరు వాళ్లది

మా రోజుల్లో ఇంటి పన్ను సంత రోజు కట్టేవాళ్లం. పసుపో, అల్లమో, అడ్డాకుల కట్టలో అమ్ముకున్నాక చేతిలో డబ్బు ఆడే రోజు అదొక్కటే. ముందు రోజు సాయంత్రం బారికి ఊరంతా తిరిగి దండోరా వేసేవాడు. మర్నాడు సంత చివర మర్రిచెట్టు కింద పంచాయతీ గుమస్తా చాప పరుచుకుని, రసీదు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాడు. కట్టలేనివాడు దాక్కునేవాడు కాదు. "బాబూ, రాజ్‌మా ఇంకా నూర్చలేదు, రెండు సంతలాగి కడతాను" అని ఎదురుగా వచ్చి చెప్పుకునేవాడు. గుమస్తా ఆ మాట రాసుకునేవాడు. రెండు సంతలయ్యాక ఆ డబ్బు వచ్చేది. ఎవరు కట్టారో, ఎవరు బాకీ ఉన్నారో, వచ్చిన డబ్బుతో ఏ వీధిలో దీపం వేశారో, ఏ బావికి ఒరలు దింపారో ఊరంతటికీ తెలుసు.

ఇప్పుడు ఫోన్లో కట్టొచ్చు. కట్టగానే మెసేజీ వస్తుంది. కానీ పక్కవాడు ఎంత కడుతున్నాడో, అసలు కడుతున్నాడో లేదో ఊళ్లో ఎవరికీ తెలీదు. నా కోపం అక్కడే మొదలవుతుంది.

మాది అనంతగిరి ఘాట్ ఎక్కాక అరకు వైపు పోయే రోడ్డు పక్క ఊరు. పేరు రాయను. ఈ లోయలో ఏ ఊరివాడు చదివినా తన ఊరి సంగతే అనుకుంటాడు. ఆశ్రమ పాఠశాలల్లో మేష్టారిగా చేసి రిటైరయ్యాను. డెబ్బై దాటాయి. ఈ కొండల్లోనే పుట్టాను, ఇక్కడే మట్టిలో కలుస్తాను. కాబట్టి నాకు ఈ మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

పన్ను వద్దని నేననడం లేదు. ముందు ఆ సంగతి తేలాలి. మన్యంలో పన్నుకి పెద్ద చరిత్రే ఉంది. 1879లో గోదావరి పై కొండల్లో రంప భగ్గుమన్నది చిగురుపన్ను మీద. కొండవాడు తాగడానికి గీసుకునే కల్లు మీద కూడా మన్సబుదారు పన్ను పిండుకున్నాడు. 1922లో అల్లూరి సీతారామరాజు వెనక నడిచినవాళ్ల కడుపుమంటలో అడవి చట్టాల బాధ ఉంది, లంబసింగి రోడ్డు దగ్గర చేయించిన వెట్టిచాకిరీ ఉంది. ముఠాదారీ పద్ధతిని 1969లో రద్దు చేసేదాకా మా పెద్దవాళ్లు కట్టిన శిస్తంతా ముఠాదారు చేతిలో పోసి రావడమే. దాంట్లోంచి ఊరికి ఒక్క గునపం మట్టి కూడా పడలేదు.

అలాంటి చోట పంచాయతీ ఇంటి పన్ను వచ్చింది. మేం కట్టి, మా కళ్ల ముందు ఖర్చవడం చూసిన మొదటి పన్ను అదే. మా నాన్న చదువుకోలేదు. ఆయన దృష్టిలో ఆ రసీదు గౌరవం. "ఈ ఊళ్లో మనకీ ఒక మాట ఉందిరా" అనేవాడు. గ్రామసభలో లేచి నిలబడితే "పన్ను కట్టినోడు మాటాడతన్నాడు, వినండి" అనేవారు. పన్ను తక్కువా ఎక్కువా అన్నది ఎప్పుడూ పెద్ద తగాదా కాలేదు. ఇల్లు ఎంతో, దాన్నిబట్టి పన్ను. గడ్డి ఇంటికి ఒక లెక్క, పెంకుటింటికి ఒక లెక్క, రోడ్డు మీది కొట్టుకి ఇంకో లెక్క. ఆ తేడా ఎందుకో అందరికీ అర్థమయ్యేది.

అప్పటి ఊరు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. బారుగా కట్టిన ఇళ్లు. ఒకరి అరుగు మీంచి ఇంకొకరి అరుగు మీదకి నడుచుకుంటూ వీధి చివరిదాకా పోవచ్చు. గోడలకి ఎర్రమట్టి అలుకు, అడుగున నల్లటి పట్టీ. దాన్ని ఏటా ఆడవాళ్లే పూసేవారు. చోడి అంబలి, సామల అన్నం. ఇటుకల పండక్కి మగవాళ్లంతా వేటకి పోతే ఊళ్లో ఆడవాళ్లదే రాజ్యం. భగత, వాల్మీకి, కొండదొర, కొటియా, పోర్జా అందరం ఒకే లోయలో ఉన్నా ఎవరి భాష వారిది, ఎవరి డప్పు దెబ్బ వారిది. దూరం నుంచి వినే చెప్పేవాళ్లం ఏ ఊళ్లో పెళ్లో. నవంబరులో వలిసె పూస్తే కొండవాలంతా పసుపు. దాన్ని చూడ్డానికి ఎవరూ వచ్చేవారు కాదు. వలిసె మాకు నూనె గింజ.

రైలు నా చిన్నప్పుడే వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దింపి జపాన్ పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. 58 సొరంగాలు తవ్వారు. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది, ఒకప్పుడు బ్రాడ్‌గేజి స్టేషన్లలో అంత ఎత్తున్నది దేశంలో లేదనేవారు. ఆ రైలు మా ఊరి తీరు మార్చలేదు. పొద్దున్న కిరండూల్ పాసింజరు వచ్చేది, సాయంత్రం తిరిగి వెళ్లేది. దిగినవాళ్లు దిగారు, ఎక్కినవాళ్లు ఎక్కారు. కాఫీ తోటలు వచ్చాయి, అవీ ఊరిని పాడు చేయలేదు. పైపెచ్చు సిల్వర్ ఓక్ నీడన మిరియం తీగ పాకించుకుని బతకడం నేర్చుకున్నాం. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వస్తే ఊళ్లో స్వీట్లు పంచుకున్నాం. మార్పు అంటే నాకు పడదని అనేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఊరు మారింది ఈ పది పదిహేనేళ్లలో. రైలుకి అద్దాల బోగీ 2017లో వచ్చింది. ఘాట్ రోడ్డు వెడల్పయింది. ఎవరో మాడగడ కొండ మీద తెల్లారకట్ట మేఘాలు ఫోన్లో తీసి పెట్టారు, ఎవరో వంజంగి తీశారు. ఇక చూడండి. నవంబరు నుంచి సంక్రాంతి దాకా శనాదివారాలొస్తే మా వీధి దాటి అవతలికి పోవాలంటే ముసలాడికి సాయం కావాలి. కార్లు, బైకులు, టెంపోలు. వలిసె తోటలో ఫొటోకి ఇంత అని రైతే బల్ల వేసుక్కూర్చున్నాడు. అతన్ని నేను తప్పుపట్టను, తొక్కేసిన పంటకి ఎవరిస్తారు పరిహారం? గడ్డి ఇళ్లు పోయాయి. వాటి జాగాలో అద్దాల గదులు, ఇనుప గొట్టాల మీద నిలబెట్టిన పెట్టెల్లాంటి కాటేజీలు, వరసగా ప్లాస్టిక్ టెంట్లు. రాత్రి డీజే. గెడ్డలో తెల్లారేసరికి ప్లేట్లూ సీసాలూ.

ఇప్పుడు పన్ను దగ్గరకి వస్తాను.

మా వీధిలో ఒక ముసలమ్మ ఉంది. కొడుకు పోయాడు, మనవడు విశాఖలో కూలి పనికి పోతాడు. ప్రభుత్వ గృహ పథకంలో ఒక గది స్లాబు ఇల్లు వచ్చింది. స్లాబు వచ్చింది కాబట్టి పన్ను పెరిగింది. ఆవిడ ఏటా కడుతుంది, నా చేతే రసీదు చదివించుకుంటుంది. ఆవిడ ఇంటికి కూతవేటు దూరంలో పద్దెనిమిదో ఇరవయ్యో గదులున్న కట్టడం ఉంది. సీజనులో ఒక రాత్రికి ఒక గదికి తీసుకునే డబ్బు ఆ ముసలమ్మకి రెండు నెలల పింఛను కంటే ఎక్కువ. పంచాయతీ డిమాండు రిజిస్టరులో ఆ కట్టడం "నివాస గృహం". వ్యాపార కట్టడం అని రాయలేదు. గదులెన్నో రాయలేదు. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

"ఇదేటి బాబూ?" అని సిబ్బందిని అడిగాను. ఆ కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే, తల దించుకుని చెప్పాడు. "మేష్టారూ, ఆ జాగా మనవాడి పేరు మీదే ఉంది. రిసార్టు అని రాస్తే నడిపేది ఎవరు అని అడుగుతారు. నడిపేది పైవాడు, గిరిజనుడు కాదు. అది రాయకూడదు కదా. అందుకని ఇల్లు అని రాశాం."

ఈ చిక్కు మైదానం వాళ్లకి అర్థం కావాలంటే 1/70 చట్టం గురించి చెప్పాలి. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ (ఎల్‌టీఆర్)ను 1970లో బిగించారు. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. అమ్మేది గిరిజనుడైనా, గిరిజనేతరుడైనా ఒకటే. కొనేవాడు గిరిజనుడే అయి ఉండాలి. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, కౌలు, దానం అన్నీ బదలాయింపు కిందకే వస్తాయి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్లి, ప్రభుత్వం కూడా ఆ భూముల్ని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది ఎక్కడో కాదు, మా పక్కనే, అనంతగిరి మండలం నిమ్మలపాడు దగ్గర గనుల మీద. ఈ చట్టం లేకపోతే ఈ పాటికి లోయలో మాకు అంగుళం మిగిలేది కాదు. దాన్ని సడలించాలన్న మాట పైకి రాగానే 2025 ఫిబ్రవరిలో మన్యమంతా బంద్ పాటించిందంటే ఊరికే కాదు.

చట్టం ఉంది. దాని పక్కనుంచి దారి కూడా ఉంది. మనవాడి పేరు మీద జాగా, పైవాడి డబ్బుతో కట్టడం. ఇద్దరి మధ్య తెల్లకాగితం మీద ఒప్పందం. తర్వాత ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ఒక్కొక్కటీ పోగవుతాయి. పదేళ్లు గడిచాక ఎల్‌టీఆర్ కేసు పడితే ఆ కాగితాలన్నీ తెచ్చి "మేం ఎప్పటినుంచో అనుభవంలో ఉన్నాం" అంటారు. మా నాన్నకి గౌరవమైన రసీదు ఇప్పుడు భూమి గుంజుకునేవాడికి ఆధారం అయింది. ఈ ఒక్క సంగతి మీద నాకు నిద్ర పట్టదు.

ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఇంట్లో ఉన్నందుకు, ఊరి సదుపాయాలు వాడుకున్నందుకు కట్టే సొమ్ముకి అది చీటీ, అంతే. ఆ మాట ప్రతి రసీదు మీదా పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలి. ఒక్క లైను. ఖర్చు లేదు. వేయమని గ్రామసభలో అడిగాను, "పై నుంచి నమూనా అలాగే వచ్చింది" అన్నారు. రబ్బరు స్టాంపు చేయించుకోవడానికి పై నుంచి అనుమతి కావాలా?

ఇక రిసార్టు అని రాస్తే వాళ్లని ఒప్పుకున్నట్టవుతుందన్న వాదన. అది తప్పు. వాడకం ఎలా ఉందో అలాగే రాయాలి. వ్యాపారం జరుగుతుంటే వ్యాపారం అని రాసి, ఆ రేటు వేసి, అదే రోజు ఆ వివరాలు భూబదలాయింపు కేసులు చూసే స్పెషల్ డిప్యూటీ కలెక్టరుకి పంపాలి. ఇల్లు అని రాయడం వల్ల రెండు నష్టాలు. ఊరికి పన్ను పోయింది, దొంగ అనుభవానికి మన చేతులతోనే మనం ముసుగు కప్పాం.

"మన ఊరు కూడా మున్సిపాలిటీ అయితే డబ్బే డబ్బు, మేష్టారూ" అని ఒకరిద్దరు కుర్రాళ్లు అంటారు. వాళ్లు కొంచెం ఆగి వినాలి. రాజ్యాంగంలో పురపాలికల భాగం షెడ్యూల్డు ప్రాంతాలకి దానంతటది వర్తించదు. పంచాయతీలకి 1996లో పీసా చట్టం చేసినట్టు పట్టణాలకి పార్లమెంటు చట్టం చేయలేదు. అందుకే ఏజెన్సీలో ఎంత పెద్ద ఊరైనా పంచాయతీగానే ఉండిపోతుంది. భద్రాచలం చూడండి. కాదని మున్సిపాలిటీ పేరు పెట్టిన పాల్వంచ, మణుగూరు, మందమర్రిలో ఏళ్ల తరబడి ఎన్నికలే లేకుండా ఆఫీసర్ల పాలనే నడిచింది. నాకు పంచాయతీయే మేలు. పీసా కింద మా సర్పంచి గిరిజనుడే అయి ఉండాలి. సంత మీద అజమాయిషీ, భూమి పరాధీనం కాకుండా ఆపే అధికారం, పోయిన భూమి తిరిగి ఇప్పించే అధికారం పంచాయతీకీ గ్రామసభకీ ఉన్నాయి. వాడుకోవడం మా చేతిలో ఉంది.

పన్ను వేసే పద్ధతిలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇంటి పన్ను వార్షిక అద్దె విలువ మీదన్నా వేయొచ్చు, మూలధన విలువ మీదన్నా వేయొచ్చు. కింద పట్టణాల్లో 2021లో అద్దె విలువ వదిలేసి ఆస్తి విలువ మీదకి మార్చారు. ఏటా పెరుగుదల 15 శాతం దాటకూడదని గీత గీసినా జనం గోల పెట్టారు. అదే పద్ధతి ఇక్కడికి వస్తే ఆ ముసలమ్మ ఇంటికి విలువ ఎలా కడతారు? ఆవిడ ఆ జాగా బయటివాడికి అమ్ముకోలేదు, అమ్ముకోకూడదు కూడా. పక్కన రిసార్టు లేచింది కదా అని ఆవిడ జాగాకి లక్షలు ఖరీదు కడితే, ఆవిడ ఎప్పటికీ కళ్లజూడని డబ్బు మీద పన్ను వేసినట్టు. ఉండడానికి ఉన్న ఇంటికి అద్దె విలువే న్యాయం. గది రాత్రికింత అని అద్దెకిచ్చేవాడికి కూడా అద్దె విలువే వేయండి, అతని బోర్డు మీద రాసి ఉన్న అద్దెతోనే లెక్క కట్టండి. ఎవరి పన్ను ఎంతో అప్పుడు తేలుతుంది.

ఊరి ఖర్చు ఎవరి వల్ల పెరిగిందో కూడా చూడాలి. కొండ మీది ఊట నుంచి పైపు వేసి తెచ్చిన నీళ్లు మాకు ఏడాది పొడుగునా సరిపోయేవి. ఇప్పుడు గదుల్లో షవర్లు, బయట పచ్చిక మీద నీళ్లు చల్లే గొట్టాలు. ఫిబ్రవరి దాటితే మా వీధి కుళాయికి ధార సన్నబడిపోతుంది. చెత్త ఎత్తే మనుషులు అప్పుడు ఎందరో ఇప్పుడూ అందరే, చెత్త మాత్రం నాలుగింతలు. ఈ ఖర్చుకి డబ్బు పై నుంచి వస్తుందని కూర్చుంటే ఏమవుతుందో చూశాం. 2018 ఆగస్టులో సర్పంచుల గడువు తీరితే 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులే దిక్కు. సర్పంచులు వచ్చాక ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు. సొంత పన్ను రాబడి ఉన్న పంచాయతీ ఎవరి దగ్గరా చేయి చాచదు. మా దగ్గర ఆ రాబడి కళ్ల ముందే ఉంది, ఇరవై గదుల్లో దీపాలు వెలుగుతున్నాయి. రాసుకోవడానికి కలం కదలడం లేదు.

ఇంకొకటి చెప్పాలి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, రూపాయికి 8 పైసలు. మా కాలంలో ఒక గదిలో నాలుగు బెంచీలు, రెండు పేపర్లు ఉండేవి. సాయంత్రం అక్కడ ఎవరో ఒకరు పైకి చదివేవారు, చదువు రానివాళ్లు వినేవారు. ఇప్పుడు ఆ గది తలుపు తెరవగా నేను చూడలేదు. ఆ గది పక్కనే బొంగు చికెన్ బళ్లు. వాటి దగ్గర సీజనులో బడి మానేసి బొంగులు కాల్చే పిల్లలు నా పాత విద్యార్థుల పిల్లలు.

"తాతా, టూరిస్టు రాకపోతే మనం ఏటి తింటాం?" అని నా మనవడే నన్ను నిలదీశాడు. వాడిది న్యాయమైన ప్రశ్న. రావద్దని నేననను. మావాళ్లే తమ ఇంట్లో రెండు గదులు బాగుచేసుకుని చోడి రొట్టె, కోడికూర పెట్టి అతిథిని ఉంచుకుంటే నాకు సంతోషమే. అలాంటి ఇళ్లు ఈ లోయలో ఉన్నాయి, వాళ్లకి పన్నులో తగ్గింపు కూడా ఇవ్వాలంటాను. అరుగు, పెంకు, ఎర్రమట్టి గోడ నిలబెట్టుకున్న ఇంటికి పన్ను తక్కువ వేస్తే ఊరి రూపం ఊరివాళ్లే కాపాడతారు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. పైవాడి రిసార్టులో మా ఆడపిల్లలు చలిమంట చుట్టూ ధింసా ఆడుతున్నారు. ఆడినంతసేపు తీసిన వీడియో ఎక్కడెక్కడికో పోతుంది, వాళ్ల చేతిలో పడేది రెండు మూడు వందలు. మా కాలంలో ధింసా పెళ్లికి ఆడేవాళ్లం, పండక్కి ఆడేవాళ్లం, పక్క ఊరివాళ్లు వస్తే వాళ్లతో భుజాలు కలిపి ఆడేవాళ్లం. కాళ్లు నొప్పి పుట్టేదాకా ఆడి, జీలుగు కల్లు తాగి, పడుకునేవాళ్లం. ఎవరూ టిక్కెట్టు కొనలేదు. ఎవరూ కూర్చుని చూడలేదు.

నా మాట వినేవాళ్లుంటే ఇవి అడుగుతున్నాను. వచ్చే గ్రామసభలో డిమాండు రిజిస్టరు మొత్తం పైకి చదివించండి. ఇంటి నంబరు, యజమాని పేరు, వాడకం, పన్ను, బాకీ. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, నా ఇంటి లెక్కతో సహా. ఇల్లు అని రాసినచోట రిసార్టు కనబడితే లేచి చెప్పండి, తీర్మానం రాయించండి. రసీదు మీద "ఇది హక్కు పత్రం కాదు" అన్న స్టాంపు వేయించండి. స్టాంపు చేయించే ఖర్చు నేనిస్తాను. తీర్మానం కాపీ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకి, కలెక్టరుకి పంపండి, పంపినట్టు రసీదు తీసుకోండి. పొద్దున్న మంచు చూడ్డానికి వచ్చే పెద్దలకి కూడా ఒక మాట: గది తీసుకునే ముందు ఆ కట్టడం ఎవరిదో, పంచాయతీకి వ్యాపార పన్ను కడుతున్నారో లేదో ఒక్కసారి అడగండి. జవాబు చెప్పలేని చోట దిగకండి. ఈ లోయలో మావాళ్లు నడిపే ఇళ్లు చాలానే ఉన్నాయి, అక్కడికి రండి.